రెండు పుల్లీల మధ్య దారం

ఆస్ట్రేలియాలో, అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ పోయిన వారం చనిపోయారు. ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజు కూడా గరాజ్‌లోనే ఉన్నారని, టీ చల్లారిపోతోందని తాను రెండుసార్లు పిలిచానని చెబుతూ ఆవిడే కాస్త నవ్వారు. నేనూ నవ్వాను, ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. మీకు ఆయన తెలియదు. తెలిసుంటే మీ ఇంట్లో పాడైన వస్తువు ఏదో ఒకటి ఈపాటికి ఆయన చేతిలో పడి ఉండేది.

గోదావరి వైపు రైసు మిల్లులో ఫిట్టరుగా మొదలుపెట్టి, అడిలైడ్‌లో మెషీన్ల రిపేరు పని చేసి రిటైరయ్యారు. విప్పిన నట్లన్నిటినీ పాత ఇడ్లీ పళ్ళెం గుంటల్లో వరసగా పెట్టుకునేవారు. ఆ పళ్ళెం పొరపాటున వంటింట్లోకి రాకుండా ఆంటీ దానికి ఎర్ర రంగు వేయించారు.

వాళ్ళ చర్చి వెనక గడ్డి కోసే పని ఆయనదే. అందుకొక చిన్న ట్రాక్టరు, దాని కింద తిరిగే కత్తులు ఉండేవి. మాది వరంగల్, నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదు. శనివారం మధ్యాహ్నం ఆ ట్రాక్టరు నడపడానికి మాత్రం అందరికంటే ముందుండేదాన్ని.

ఒకసారి చర్చిలో కోతకాల పండుగ దగ్గర పడ్డాక కత్తుల్ని తిప్పే బెల్టు ఊడిపోవడం మొదలైంది. మెకానికల్‌లో మాస్టర్స్ చేస్తున్నదాన్ని, ఊరుకుంటానా? కొత్తది వేశాను. అదీ పోయింది. ఇంకోటి వేశాను. బిగువు ఎంతుండాలో రెండు పేజీల లెక్క కట్టి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివి, చేతిరాత బాగుందన్నారు.

నేను చెప్పనిది ఒకటుంది. బెల్టు ఊడటానికి ముందు ఒక మలుపులో ట్రాక్టరుని పూలమడి సిమెంటు గట్టుకి గుద్దాను. చెబితే మళ్ళీ నడపనివ్వరని భయం. కొత్త దేశంలో నన్ను నమ్మి ఒకరు చేతికిచ్చిన మొదటి వస్తువు అది.

పండుగ ముందురోజు ఆయన ఇంకో బెల్టు తెమ్మనలేదు. ఆంటీ కుట్టు డబ్బాలోంచి దారం తీసి, ఒక కొస ఇంజను పుల్లీకి ఆనించి పట్టుకోమన్నారు. రెండో కొస కత్తుల పుల్లీ దాకా లాగి, ఒక కన్ను మూసి చూశారు. దారం రెండిటికీ సమంగా ఆనాలి. కత్తుల పుల్లీ దగ్గర వేలు దూరేంత సందుంది, బెల్టు వంకరగా తిరిగి ఊడేది అందుకే.

“ఇది ఎక్కడ తగిలిందో చెప్తే సగం పని అయిపోద్ది అమ్మాయ్,” అన్నారు, దారం మీంచి చూపు తిప్పకుండా.

“పూలమడి గట్టుకు గుద్దిన అంకుల్. లాస్ట్ సాటర్డే. భయమైంది, చెప్పలే.”

“కుడివైపేనా?” అన్నారు. అంతే.

కుడివైపు పుల్లీని పట్టి ఉంచే ఇనప పట్టీ వంగింది. దాన్ని విప్పి, సుత్తితో సరిచేసి, బిగించి, దారం పట్టి చూడటం. నాలుగోసారికి కుదిరింది. మిల్లులో తను ఇలాగే దాచి మూడు బెల్టులు తగలేశానని, నావి రెండే కాబట్టి నేనే నయమని మధ్యలో తేల్చేశారు. అంత తేలిగ్గా నన్ను ఎవరూ క్షమించలేదు.

ఇంజను స్టార్టయ్యాక ఆయనే ఎక్కుతారని పక్కకి జరిగాను. ఆయన చేతిరుమాలుతో సీటు తుడిచి, నన్ను కూర్చోమన్నారు. మొదటి వరస కోస్తూ భయంభయంగా వెనక్కి చూశాను. కోసిన దారిలో చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ దాకా గడ్డి అంటుకున్న పాంటుతో నడిచొస్తున్నారు. నేను చూడగానే ఒక చెయ్యి తీసి, ముందుకు చూసి నడపమని ఊపారు.