గంధకం జల్లిన మిరపనారు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు రోహిణి కార్తెలో, వరంగల్ శివారులోని మా ప్లాస్టిక్ షీట్ల ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగం మేనేజరుగా నాకొక ఫిర్యాదు తేల్చే పని పడింది. మిరపనారు పెంచి అమ్మే రాజమ్మ అనే రైతు, మూడేళ్ల గ్యారంటీతో కొన్న పందిరి షీటు ఏడాదికే పగిలిందంది.

ఉత్త పాలిథిన్ మన ఎండకు ఒక్క వేసవి నిలవడమే గొప్ప. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణువుల గొలుసులను తెంపేస్తాయి. అందుకే ప్లాస్టిక్ గింజలు కరిగించేటప్పుడే స్టెబిలైజర్ అనే రసాయనం కాస్త కలుపుతాం. రాజమ్మ కొన్న బ్యాచ్‌లోంచి దాచి, ఎండను పోలిన వెలుగునిచ్చే దీపాల పెట్టెలో అప్పటికే నెలల తరబడి మగ్గబెట్టిన నమూనాను లాగి చూశాం. రబ్బరులా సాగింది. తప్పు రైతుదేనని సేల్స్ మేనేజరు తిరస్కరణ పత్రం నా బల్ల మీద పెట్టాడు. చూడనిదానికి సంతకం పెట్టడం నాకు నచ్చదు. జీపెక్కాను.

రాజమ్మ నీడలో కుర్చీ వేసింది కానీ మొహం గంటు పెట్టుకునే ఉంది. షీటు పట్టుకుంటే అప్పడంలా విరిగింది. లోపలి మడతల్లో పసుప్పచ్చటి పొడి ఉంది. ఏమిటని అడిగాను.

"గంధకం సారూ. బూడిద తెగులొస్తే అందరం అదే జల్లుతం. మిర్గం కార్తె వస్తాంది, నారు పొయ్యాలె. పైన షీటు లేకుంటే వానకు నారంత కొట్టుకపోతది. ఈ ఏడు నేనేం జెయ్యాలె?"

నాకు విషయం అర్థమైంది. తేమ, ఎండ తగిలితే గంధకం ఆమ్లంగా మారుతుంది. మేం కలిపే రకం స్టెబిలైజర్‌కు ఆమ్లం పడదు. అది చచ్చాక షీటు ఉత్త పాలిథినే.

పూలతోటల కోసం, గంధకాన్ని తట్టుకునే మరో రకం షీటు మా గోదాములో ఉండేది. అది పంపుదామంటే, ఒకరికిస్తే ఊరంతా అడుగుతుందని సేల్స్ మేనేజరు గొణిగాడు. అడగనివ్వమన్నాను. మిరప పండే నేల మీద గంధకానికి ఓర్వని షీటు అమ్మింది మనమేనని ఆ తిరస్కరణ పత్రం మీదే రాసి, సంతకం పెట్టాను. మృగశిర రాకముందే షీటు పందిరెక్కింది. ముందు రబ్బరులా సాగిన పాత బ్యాచ్ నమూనాకే గంధకం పూసి, తడిపి దీపాల కింద పెడితే, కొన్ని వారాలకు అదీ పెళుసెక్కింది. నా మనసు కుదుటపడింది.

మరుసటి వేసవిలో రాజమ్మ ఫోన్ చేసింది. "షీటు గట్టిగనే ఉన్నది సారూ. ఈసారి నారు ఇంకో రెండు మడులు ఎక్కువ పోస్తాన."

అప్పటినుంచి మిరప ప్రాంతానికి వెళ్లే షీటు నమూనాకు ముందు గంధకం పూసి, తర్వాతే దీపాల కింద పెట్టేవాళ్లం. రైతు దాని కింద ఏం చేస్తాడో తెలియకుండా, షీటు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.