ఆ తెల్ల బూట్ల వెంట

వెర్డెల్ దగ్గు ఆ చలికాలం లెనాక్స్ అవెన్యూలో అందరికీ వినపడింది. మెట్ల కింద చేపలు వేయించి అమ్మే యులాలీ అవ్వకు వినపడింది. పై వాటాలో పడుకునే రైలు కూలీలకు వినపడింది. ఎదుటి వరస చర్చిలో పాటకూ పాటకూ మధ్య పాస్టరుగారికి కూడా వినపడింది. వినపడనిదల్లా ఒక్కడికే, ఆమె పక్కన అదే దుప్పటి కింద పడుకునే మొగుడు ఏంబ్రోస్ టిల్లరీకి. పైగా అతను బ్యాండులో డ్రమ్ములు వాయించే మనిషి. చెప్తే ఎవరు నమ్ముతారు?

ఏంబ్రోస్ పుట్టింది అమెరికా దక్షిణాదిన, జార్జియాలో, సవానాలో. చిన్నతనంలో ఒళ్ళంతా ఎర్రగా పేలి ఒక జ్వరం వచ్చింది, పోతూ పోతూ కుడిచెవిని పట్టుకుపోయింది. తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలుతికేది. ఆదివారం కొడుకును చర్చిలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టేది. దేవుడి ఆత్మ పూనినప్పుడు ఆడవాళ్ళు లేచి చెక్కనేల అదిరేలా అడుగులు వేసేవారు. వాడి కళ్ళ ఎత్తుకు కనపడేవి ఆ పాదాలే. వాటిని చూస్తూ ఇంటికొచ్చి పందికొవ్వు డబ్బా మీద అలాగే కొట్టేవాడు. అలా పాదాలను చూసి తాళం పట్టడం అతనికి పుట్టుబుద్ధి అయిపోయింది.

పెద్దవాడై న్యూయార్కులో నల్లవాళ్ళ పేట హార్లెమ్ చేరాడు, కొన్నాళ్ళు లాండ్రీలో బాయిలరు దగ్గర పనిచేశాడు, చివరికి థాడియస్ బాయ్‌కిన్ బ్యాండులో డ్రమ్ముల వెనక సీటు సంపాదించాడు. అప్పట్లో కాళ్ళు ఆడించే స్వింగ్ సంగీతమంటే మా జనం వెర్రెత్తిపోయేవారు. మాగ్నోలియా డాన్సు హాల్లో ఆ సీటు దొరకడమంటే మాటలు కాదు. కానీ బాయ్‌కిన్ మహా కర్కోటకుడు. లయ తప్పినవాణ్ణి క్షమించడం అతని ఒంట్లో లేదు. అంతకుముందున్న డ్రమ్మరు తడబడ్డాడని, దక్షిణాదిలో పొద్దుగుంకాక నల్లవాడు కనపడకూడదని బోర్డు కట్టిన ఊరి పొలిమేరలో బ్యాండు బస్సు ఆపి అతణ్ణి దింపేశాడు. ఆ మనిషి సంగతి మళ్ళీ ఎవరికీ తెలియలేదు. బస్సులో ఎవరూ ఆ పేరు ఎత్తేవారు కారు.

ఏళ్ళ తరబడి ట్రంపెట్లు పక్కనుంచి చెవిలో ఊదుతుంటే ఉన్న ఒక్క చెవి మాత్రం ఎన్నాళ్ళుంటుంది? ఒకనాడు వీధిలో ఐసు బండివాడు నోరు బార్లా తెరిచి అరుస్తున్నాడు, ఏంబ్రోస్‌కు అరుపు అందలేదు. ఇంటికెళ్ళి తలుపు గడియ పెట్టి భార్యతో ఒక్కతెతోనే చెప్పుకుని ఏడ్చాడు.

వెర్డెల్ పగలు హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసేది, సాయంత్రం మాగ్నోలియాలో డాన్సు చేసేది. స్టేజీకి కుడిపక్క మూలన మంచి మంచి డాన్సర్లకని వదిలిపెట్టే చోటుంది, కొత్తవాళ్ళు అక్కడ కాలుపెడితే మోచేతులతో తోసేస్తారు. ఆ చోటులో ఆమెకు జాగా ఉంది. మొగుడి ముఖం తనవైపు తిప్పుకుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పింది. "ఏమయ్యా, నీకు చెవులు లేకపోతే నాకున్నాయి. నేను వింటాను, నువ్వు నా కాళ్ళు చూడు."

మర్నాటినుంచి రోజూ బూట్లకు సుద్ద పూసి తెల్లగా మెరిపించేది, దీపాలు మసకగా ఉన్నా అతనికి కనపడాలని. నిలువెత్తు బేస్ ఫిడేలు వాయించే క్లియోఫస్, ఈ సంగతేమీ తెలియకుండానే, ఏంబ్రోస్ కూర్చునే చెక్కపీట మీదే ఫిడేలు మొన ఆనించేవాడు, ఆ అదురు అరికాళ్ళకు తగిలేది. మిగిలినదంతా తెల్ల బూట్లు చెప్పేవి. పొరుగూళ్ళలో ఆట ఉన్నా వెర్డెల్ బ్యాండు బస్సులో వెంట వెళ్ళేది. ఒక ఏడు గడిచింది. బాయ్‌కిన్‌కు అనుమానం రాలేదు సరికదా, "వీడు తాళం కాదు, కొండరా" అని మెచ్చుకున్నాడు.

దగ్గు మొదలైంది ఆ తరవాతే. అతను అటు తిరిగినప్పుడు దగ్గడం వెర్డెల్ అలవాటు చేసుకుంది. జేబురుమాళ్ళు అతను లేచేలోపల ఉడకబెట్టి ఆరేసేది. తెలిస్తే తనను డాన్సుకు రానివ్వడని ఆమెకు తెలుసు. తను రాకపోతే అతని సీటు పోతుందనీ తెలుసు. ఎంత పిచ్చి ప్రేమో చూడండి, తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వీధి మాత్రం ఏంబ్రోస్‌నే తిట్టిపోసింది. పెళ్ళాం క్షయతో తీసుకుంటుంటే సాయంత్రమయ్యేసరికి గెంతించడానికి తీసుకుపోతాడు, రాతిగుండెవాడు అన్నారు. యులాలీ అవ్వ అతనికి చేప పొట్లం ఇస్తూ ముఖం తిప్పుకునేది. తిట్లన్నీ వీపు వెనకే, అతనికి ఒక్కటీ చేరలేదు. ఊరుకోలేక క్లియోఫస్ ఒకసారి బస్సులో ఆమె ముందు సీట్లో కునుకు తీస్తుండగా ఏంబ్రోస్ పక్కన కూర్చుని, వెర్డెల్‌ను ఇక ఆపమని, డాక్టరుకు చూపించమని మెల్లగా చెప్పాడు. అతను కూర్చున్నది కుడిపక్క, చిన్నప్పుడే పోయిన చెవివైపు. బస్సులో చీకటి, పెదాలు కనపడవు. చెవిటితనం దాచుకునేవాళ్ళకు ఒక అలవాటుంటుంది, ఎదుటివాడి నోరు ఆగగానే తలూపి నవ్వడం. ఏంబ్రోస్ తలూపి హాయిగా నవ్వాడు. క్లియోఫస్ లేచి వెళ్ళి వేరే సీట్లో కూర్చున్నాడు, ఆ తరవాత అతనితో మాట్లాడలేదు.

షికాగో బ్యాండుతో పోటీ కుదిరింది. అలాంటి పోటీల్లో హాలుకు ఈ కొసన ఒక బ్యాండు, ఆ కొసన ఒక బ్యాండు, మధ్యన జనం. ఎటువైపు అరుపులు ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. ఓడితే సీజను పోయినట్టేనని బాయ్‌కిన్ అందరినీ ముందే హెచ్చరించాడు. పోటీ జరిగే ఆదివారం మధ్యాహ్నం వెర్డెల్ బూట్లకు సుద్ద పూస్తుంటే ఏంబ్రోస్ ఆమె మెడ ఎముకలు చూసి, చిక్కిపోయావేమే అని అడిగాడు. ఇస్త్రీ వేడికి ఎవరు చిక్కరు అని నవ్వి, అతని ముంజేతి మీద వేళ్ళతో తాళం వేసింది. వేళ్ళు కాలుతున్నాయి.

షికాగోవాళ్ళు వాయించి హాలును ఊపేశారు. తరవాత బాయ్‌కిన్ చెయ్యి ఎత్తి దించాడు, వీళ్ళు అందుకున్నారు. తెల్ల బూట్లు ఎగిరాయి. జనం కేకలు ఏంబ్రోస్‌కు నేలగుండా తెలిశాయి. గెలుస్తున్నామనుకున్నాడు.

పాట సగంలో అరికాళ్ళకు బేస్ అదురు ఒకలా, కంటికి బూట్లు ఒకలా చెప్పసాగాయి. బూట్లు రవంత వెనక పడుతున్నాయి. ఇంకొకడైతే బేస్‌ను నమ్మేవాడు. పాదాల దగ్గర విద్య నేర్చినవాడు పాదాలనే నమ్మాడు. కుర్రాళ్ళు తొందరపడుతున్నారు, నేనే పట్టి ఆపాలి అనుకుని పట్టు బిగించాడు. బూట్లు ఇంకా నెమ్మదించాయి, అతనూ నెమ్మదించాడు. ట్రంపెట్లవాళ్ళు తలలు తిప్పారు. బాయ్‌కిన్ ముఖం నల్లబడింది. అంత హాల్లో ఏంబ్రోస్‌తో సరిగ్గా కలిసినవి ఆ రెండు బూట్లే, వాటికి తోడుగా అతను పాటనంతటినీ కిందికి ఈడ్చుకుపోతున్నాడు.

బూట్లు ఆగిపోయాయి. ఏంబ్రోస్ కర్రలు కూడా గాల్లోనే ఆగాయి.

తెల్ల బూటు మీద ఎర్రగా ఏదో పడింది. చూస్తుండగానే ఇంకొకటి పడింది. అతను ఇత్తడి తాళాలు పడదోసుకుంటూ కిందికి దూకి, నేల మీదికి జారుతున్న ఆమెను పట్టుకున్నాడు. వెర్డెల్ పెదాలు కదిలాయి.

"ఎందుకాపావయ్యా?"

"నువ్వు ఆగావుగా."

క్లియోఫస్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఆ రోజు బస్సులో చెప్పానురా నీకు. దగ్గి దగ్గి చచ్చిపోతోందిరా అన్నాను. నువ్వు నవ్వావు."

ఏంబ్రోస్ ఆ పెదాలను చివరిదాకా చదివాడు. వెనక బాయ్‌కిన్ నిలబడి ఉన్నాడు, బ్యాండంతా ఉంది, షికాగోవాళ్ళూ వచ్చి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ప్రాణంలా దాచుకున్న మాట అందరి ముందూ చెప్పేశాడు.

"వినపడలేదన్నా. నాకేమీ వినపడదు. ఇది దగ్గుతుందని కూడా నాకు తెలీదు."

బాయ్‌కిన్ నేల మీద పడిన కర్రలు ఏరి రెండో డ్రమ్మరుకు ఇచ్చాడు, ఏంబ్రోస్ వైపు చూడలేదు.

ఇంటి దగ్గర యులాలీ అవ్వ పొద్దూ మాపూ గంజి కాచి పట్టుకొచ్చేది. ఏంబ్రోస్ భార్య వెనక మంచం మీద కూర్చుని, వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. దగ్గు వచ్చినప్పుడల్లా అది అరచేతికి తగిలేది, పీటగుండా బేస్ తగిలినట్టే. అదే అతను మొట్టమొదటిసారి వినడం. ఇది ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు. వెర్డెల్ వెనక్కి తిరగలేదు కనుక ఆమె ఏం చెప్పిందో అతనికి తెలియలేదు.

డాక్టరు ఇంకా ఆశ ఉందనే అనేవాడు. ఏంబ్రోస్ మాత్రం లయ పడిపోతోందని చేత్తో తెలుసుకుంటూనే ఉన్నాడు. ఈస్టరుకు ముందు ఒక ఉదయం అరచేతి కింద అదురే లేకుండా పోయింది. యులాలీ అవ్వ గిన్నెతో లోపలికి వచ్చి, చూసి, అతని భుజం పట్టుకుని కుదిపింది. అతను ఆమెను నోరు మెదపొద్దని సైగచేసి, చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు.