కామా తప్పని సైటేషన్

నా మొట్టమొదటి వాదనలో నా కక్షిదారును నేనే ఓడించబోయాను. అదీ ఒక్క తప్పు లేని సైటేషన్‌తో! అనంతపురంలో అంతటి ఘనకార్యం ఇంకెవరూ చేసి ఉండరు కాబట్టి, కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

కక్షిదారు యాడికి అనే ఊరి హుసేనమ్మ. ఆమె చేనికి పోయే బండిదారి పక్క రైతు పొలంలోంచి ఉంది. అతను దానికి ముళ్లకంప అడ్డం కొట్టాడు.

"దావ పోతే సేను పోయినట్లే మేడమ్మా. సెనక్కాయ మూటలు నెత్తిన పెట్టుకోని ఎగురుకుంటా రావల్నా?" అంది.

ఒక పాత తీర్పు పట్టుకున్నాను. అలాంటి దారిని మూసే హక్కు ఎవరికీ లేదని పేరా నిండా ఉంది. సైటేషన్, అంటే పుస్తకం పేరు, సంవత్సరం, సంపుటం, పుట, నాలుగుసార్లు సరిచూసి రాసుకున్నాను. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. నా పెళ్లి శుభలేఖను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

కోర్టులో ఆ పేరా గడగడా చదివాను. జడ్జిగారు తన ప్రతి తెరిచి, "సైటేషన్ చక్కగా ఉందమ్మా. పుట తిప్పండి" అన్నారు.

తిప్పాను. "పై వాదనను అంగీకరించలేము" అని ఉంది!

తీర్పుల పుస్తకంలో ముందు వకీళ్ల వాదన, తర్వాత న్యాయమూర్తి నిర్ణయం అచ్చువేస్తారు. నేను తీర్పని చదివింది ఓడిపోయిన వకీలు గోడు.

అవతలి వకీలు లేచి, "నా పని ఈయమ్మే చేసేసినాది. నేను కూర్చుంటానండీ" అన్నాడు.

వెనక బెంచీ నుంచి హుసేనమ్మ: "ఏం మేడమ్మా, మన పుస్తకమే మనల్ని కొడతాండాదా?"

అయినా దేన్నీ సగంలో ఆపడం నాకు చేతకాదు. చివరిదాకా చదివాను. ఆ పాత కేసు ఓడిన కారణం అక్కడ ఉంది: "ఇరవై ఏళ్ల వాడుక ఉండాలి. ఇక్కడ ఉన్నది పద్దెనిమిదేళ్లే."

అంకె కనబడగానే ప్రాణం లేచొచ్చింది. అవతలి వాళ్లు దాఖలు చేసిన పాత క్రయపత్రంలోనే హుసేనమ్మ వాళ్ల బండిదారి మాట ఉంది. దాని తేదీ నా డైరీలో ఉంది. కేసు వేసిన తేదీలోంచి తీసేశాను.

"అయ్యా, మాది ఇరవై రెండేళ్ల నాలుగు నెలల పదకొండు రోజులు."

"పదకొండేనా?" అన్నారు జడ్జిగారు.

"పత్రం రాసిన రోజు కలపలేదయ్యా. కలిపితే పన్నెండు."

కూర్చున్న వకీలు మళ్లీ లేచాడు. ఆలస్యమైపోయింది.

దారి దక్కింది. హుసేనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంగో కేసు పడినా ఓడిపోయినోళ్ల మాటే సదువు మేడమ్మా. మనకదే కలిసొచ్చినాది" అంది.

ఇప్పుడు జూనియర్లు ఫోన్‌లో సైటేషన్ చూపిస్తే "పుట తిప్పండి" అంటాను. ఫోన్‌లో పుటలుండవని నవ్వుతారు. నవ్వనీ. నా నల్లకోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఓడిన వకీలు గోడును తీర్పని ఇక ఎన్నడూ చదవను, ఆ వకీలు నేనే అయినా సరే!