కుప్ప అయ్యేదాకా కాదనకూడదు

ఈ సాయంత్రం బడిలో టీచర్లందరికీ సమావేశం పెట్టి, పిల్లలు మధ్యలో చదువు మానకుండా ఏం చేద్దామో చెప్పమన్నారు మా పెద్దయ్యవారు. ఒకరు ఒక మాట అనగానే ఇంకొకరు అది జరిగే పని కాదన్నారు. తర్వాత అందరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. జ్వరంతో ఉన్న పాపను ఇంటి యజమానురాలికి అప్పగించి వెళ్లిన నాకు ఇంటి మీదే ధ్యాస. రేపు ఆవిడ ప్రొద్దుటూరు పోతోంది, మా ఆయన ఊళ్లో లేరు, నాకు సెలవు లేదు. పాప నుదురు తాకి చూస్తూ, పెళ్లయి పులివెందులకు రాకముందు, జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో గ్రామసేవికగా ఉన్న రోజులు తలుచుకుంటున్నాను.

నేను ఆ ఊరు చేరడానికి ముందటేడు కలుపుల కాలంలో, చేనిగట్టున పడుకోబెట్టిన చంటిబిడ్డ ఒకటి తేలు కుట్టి పోయింది. మళ్లీ విత్తే రోజులొస్తున్నాయి. పనికి పోయే తల్లులు పిల్లల్ని ఎక్కడుంచాలో వాళ్లచేతే చెప్పించాలని ఆడవాళ్లను పిలిచాను. కాలేజీలో నేర్చిన పద్ధతిన నోటుపుస్తకం తెరిచి, పేరు పేరునా రాసుకుంటూ అభిప్రాయం అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి గాజులమ్మే సాయిబులవ్వ నా పక్కకు జరిగి, "ఆ బుక్కు మూసేయ్ మా. పేర్లు రాస్తే రేపు సాక్షానికి పిలుస్తారని బెదురుకుంటాండారు" అంది. కక్షలున్న ఊరు, కాగితం మీద పేరుండటమంటే వాళ్లకు కోర్టు గుర్తొస్తుందని నాకు తట్టనే లేదు.

మరునాడు పుస్తకం లేకుండా వెళ్లి, వాళ్లు విత్తనం శెనక్కాయలు ఒలిచే వసారాలో నేనూ ఒలుస్తూ కూర్చున్నాను. ముందున్న కాయల కుప్ప ఒలవడం అయ్యేదాకా ఎవరేం చెప్పినా కాదనకూడదని ఒక్కటే షరతు పెట్టాను. పిల్లల్ని మంచంకోడుకు కట్టేస్తే సరి అని ఒక ముసలామె అంటే, ఆమె కోడలు తలెత్తకుండానే, "నీ కొడుకును కట్టేసింటే ఇంటిపట్టున ఉంటాండె గదత్తా" అంది. అత్తతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక, బిడ్డను పోగొట్టుకున్న పిల్ల మెల్లగా, "దినానికొకరం పిల్లోళ్లకాడ ఉందాం. ఆమె వంతు కలుపు సాళ్లు మిగతావాళ్లం తీద్దాం" అంది. అదెట్లా కుదురుతాదని ముసలామె అనబోతే నాలుగు చేతులు కుప్ప వైపు చూపించాయి. ఒలవడం ముగిసేసరికి వంతులు కూడా తేలిపోయాయి. మొదటి వంతు తనదేనంది ఆ పిల్ల.

ఆ ఏడు కలుపులకు గట్ల మీద ఒక్క బిడ్డా లేదు. నా పని నెగ్గిందని మురిశానే గానీ, ఆ మాట అనడానికి ఆమె ఎంత దిగమింగిందో తల్లినయ్యాకే తెలిసింది. ఇప్పుడు మా వరసలోనే మూడిళ్లలో చంటిపిల్లలున్నారు, చీకటి పడితే ఎవరి తలుపు వాళ్లం వేసుకుంటాం. అంతమంది చేత మాట్లాడించినదాన్ని, పక్కింటికి వెళ్లి రేపొక్క పూట నా బిడ్డను చూస్తావా అని అడగడానికి నోరు రాక, వాళ్ల గడప దాకా వెళ్లి తిరిగొచ్చాను.