బాపు చాయ్‌లో తీపి ఆకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కోరుట్లలో డిగ్రీ చదువుతూ, పేపర్లో వచ్చే ఆరోగ్యం పేజీలు కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకునేదాన్ని. అందుకని రుద్రంగిలోని మా ఇంటికి డాక్టర్ని నేనే. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతూ నా ఉపన్యాసాలన్నీ వినేది. (చేతిలో పని వదిలి లేచిపోయే వీలు లేదు కదా, పాపం.)

బోర్లు ఎండిపోయాక బాపు దుబాయి పోయాడు. కట్టడాల దగ్గర మొదట మోత పని, తర్వాత మేస్త్రీ. మూడేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు షుగర్ ఉందని తేలింది. ఆయనకు చాయ్ అంటే ప్రాణం, అదీ గ్లాసు అడుగున చక్కెర కనబడాలి. నేను జగిత్యాల పోయి నర్సరీ నుంచి స్టీవియా మొక్కలు తెచ్చాను. చక్కెరకన్నా ఎన్నో రెట్లు తీపి, షుగర్ పెంచదు అని పేపర్లో చదివాను. ఎంత వెయ్యాలో మాత్రం చదవలేదు. మొదటిరోజు పిడికెడు ఆకు వేసి మరిగించాను. బాపు ఒక గుక్క తాగి, కాసేపు గోడవైపు చూసి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. అవ్వ ఒక చుక్క నాలుక మీద వేసుకుని వాకిట్లోకి పోయి ఉమ్మేసింది. ఆమెకు కొత్త విషయాలు పట్టవనుకున్నాను.

తర్వాత కొలత కుదిరింది. బాపు తిరిగి పోయేటప్పుడు ఆకు ఎండబెట్టి, మెత్తగా దంచి, కవర్లలో కట్టి ఆయన సంచిలో సర్దాను. అక్కడ ఎయిర్‌పోర్టులో సంచి విప్పి చూస్తారేమోనని బాపు నసిగాడు. "ఆకే కద బాపు, ఎవలేమంటరు?" అన్నాను. నా మాట ఆయన ఎన్నడూ తీసెయ్యలేదు.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఆకు ఎలా ఉందని అడిగేదాన్ని. బాగుందనే చెప్పేవాడు. దాంతో హుషారెక్కి పెరడంతా అవే మొక్కలు పెంచాను. ఊళ్లోంచి ఎవరు దుబాయి పోతున్నా బాపుకిమ్మని ఒక కవరు అంటగట్టేదాన్ని. మారుమాట లేకుండా తీసుకునేవాళ్లు. మా ఊరివాళ్లు ఎంత మంచివాళ్లో అని మురిసిపోయాను.

రెండేళ్లకు, వరుసకు కాక, అంటే చిన్నాన్న అయ్యే ఒకాయన ప్రయాణమవుతుంటే యథాప్రకారం కవరు పట్టుకుపోయాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "నీ కాల్మొక్కుత బిడ్డా, గిది మాత్రం వద్దు. మీ బాపు పడ్డ గోస నాకద్దు."

అప్పుడు తెలిసింది. బాపు దుబాయిలో దిగిన రోజునే అక్కడివాళ్లు ఆ పచ్చపొడి చూసి గంజాయి అనుకున్నారట. పరీక్ష ఫలితం వచ్చేదాకా రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టారట. భాష రాని బాపు, "మా బిడ్డ ఇచ్చింది" అని తెలుగులోనే చెప్పుకుంటూ కూర్చున్నాడట. బయటికొచ్చేసరికి మేస్త్రీ పని ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్లీ ఎండలో మోత పనే. నేను పంపిన కవర్లన్నీ విమానం ఎక్కకముందే చెత్తబుట్టలో పడ్డాయి. నాకు చెప్పొద్దని బాపు అందరితో ఒట్టు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం ఫోన్లో బాపును అడిగేశాను. "నువ్వు గంత సంబురంగ అడుగుతుంటే ఎట్ల చెప్పాలె బిడ్డా" అన్నాడు. ఆ పొడి ఒక ఆఫీసరు నాలుకకు రాసుకుని, తియ్యగా ఉందని పక్కవాడికీ పెట్టాడని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. మరి చాయ్‌లో ఏమేసుకుంటున్నావని అడిగాను.

"సక్కరేస్తే నువ్వు బాధపడుతవు. ఆకు లేకపాయె. చాయే బందు వెట్టిన."

ఇంకో నాలుగేళ్లు మోత పని చేసి నడుం నొప్పితో ఇంటికొచ్చాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తబోతే మాట మార్చేవాడు.

ఇప్పుడు నాకు బాపు అప్పటి వయసు. ఎవరికైనా మంచి చెప్పేముందు, అది నీకు కుదురుతుందా, ఏమన్నా ఇబ్బందా అని నాలుగుసార్లు అడుగుతాను. అడిగి అడిగి ప్రాణం తీస్తానని ఇంట్లో అందరి ఫిర్యాదు. అననివ్వండి. అప్పుడు బాపును అడగనివన్నీ ఇప్పుడు అడుగుతున్నాను.