నవ్వు వెనక మగ్గం

హిందూపురంలో లోకల్ ఛానెల్‌కి నేను హాస్య నాటికలు రాసేవాణ్ణి. వాటికి నవ్వులు కలిపే పెద్దాయనది ధర్మవరం. ఆయన దగ్గర రెండు చక్రాల పాత టేపు మిషను ఉండేది. జోకు పడబోయే ముందు చూపుడువేలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి, బటన్ నొక్కేవాడు.

నవ్వు వచ్చేది. దాని వెనకే టకటకమని మగ్గం చప్పుడూ వచ్చేది. ఆయన ఇంట్లో నేత సాగుతుండగా ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ నవ్విన నవ్వులవి. నా నాటికలో డాక్టరు నాడి చూస్తుంటే పక్కన ఎవరో చీర నేస్తున్నట్టుండేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"మగ్గం ఆపించి ఇంకోసారి రికార్డు చేసుకొని రాన్నా" అని మొత్తుకునేవాణ్ణి.

"మగ్గం నిలిపితే వాళ్లు నగనే నగరప్పా. లేచి వంటకు పోతారు" అనేవాడు.

ఒకసారి పెనుకొండ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తే, నా జోకు మెచ్చుకోవడానికేమో అనుకున్నాను. "ఆ మగ్గం ఎవురిది సామీ? చప్పుడు వింటే పోగు తెగినట్టుండాది" అని అడిగింది.

ఇక విసిగిపోయి కంప్యూటర్లో శుభ్రమైన నవ్వులు తెచ్చాను. పెద్దాయన్ని కూర్చోబెట్టి వినిపించాను. అలవాటుగా వేలెత్తాడు. నవ్వు మొదలై, ఆగిపోయింది. వేలు మాత్రం అట్లే ఉండిపోయింది.

"ఎవురప్పా వీళ్లు? పనీపాటా లేకుండా ఊరికే కూర్చొని నగుతాండారు" అన్నాడు.

అప్పటినుంచి ఆ కంప్యూటర్ నవ్వు వేసినప్పుడల్లా నాకు ఖాళీ చేతులే కనబడుతున్నాయి. ఆయన మీద ఇప్పటికీ మంటగానే ఉంది.