బస్సులో చూసిన దేవదూత

చింతామణిలో ప్రైవేటు బస్సెక్కితే టీవీలో సీడీలు వేసే రోజులవి. ఆ రోజు ఒక పాత నలుపు తెలుపు సినిమా వేశారు. బావిలో దూకబోతున్న మనిషిని, ముసలివాడి రూపంలో వచ్చిన దేవదూత చెయ్యి పట్టుకుని ఆపాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పక్కన కూర్చున్న పల్లెటూరామెతో, "దేవుడు సమయానికి ఎవరినో ఒకరిని పంపిస్తాడమ్మా" అన్నాను.

"పంపిస్తాడు లేమ్మా," అందామె, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "మా చెల్లెలు ఏడ్చుకుంటా నా దగ్గరికే వచ్చె. ఇంట్లో పట్టుపురుగులు గూళ్ళు కట్టే టయము. బయటోళ్ళు లోపలికొస్తే వాటికి రోగమొస్తాదని, వాకిట్లోనే నిలబెట్టి 'రేపు రాపో' అంటిని. అది నేరుగా బావి కాడికి పోయె. ఆ తూరి గూళ్ళ పంట బాగా వచ్చె. ఈ టీవీలో ముసలాయప్పకేమమ్మా, ఇంట్లో పురుగులు లేవు కదా!"

కెంచార్లహళ్ళిలో దిగేముందు ఆమె నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

ఆ సాయంత్రం దీపం ముందు రోజూ చెప్పుకునే కృతజ్ఞత నోటికి రాలేదు. తరవాత మళ్ళీ అలవాటైంది. కానీ దీపం పెట్టే వేళ వాకిట్లో ఎవరైనా పిలిస్తే, వత్తి వెలిగించకుండానే లేచి వెళ్తాను.